కుడి కణత మీద మాత్ర

ఆ హత్యకు ఆయుధం కత్తే. కాకపోతే కత్తి పట్టుకున్నవాడికి తాను హత్య చేస్తున్నానని తెలియదు. హతుడు అన్నిటికీ ఒప్పుకుంటున్నానని స్వయంగా సంతకం పెట్టాడు. మత్తు ఇచ్చే డాక్టరుతో వాన సంగతి రెండు ముక్కలు మాట్లాడాడు. సర్జన్‌కు ముందుగానే థాంక్స్ చెప్పి కళ్లు మూసుకున్నాడు. తలలో కణితి ఒక పక్కనుంటే డాక్టర్లు రెండో పక్క తెరిచారు. ఆయన మళ్లీ కళ్లు తెరవలేదు.

ఆస్పత్రి సిగ్గుతో తల దించుకుంది. పేపర్లు ‘ఘోర పొరపాటు’ అని రాసి, మర్నాటికి మరో ఘోరం దొరకడంతో దీన్ని మర్చిపోయాయి. పోయినాయన సైఫర్ సెక్షన్‌కు డిప్యూటీ అని, దేశం పంపే రహస్య సందేశాల తాళాలు సగం ఆయన బుర్రలోనే ఉండేవని పేపర్లకు తెలియదు. డిపార్ట్‌మెంట్‌కు తెలుసు. అందుకే ఏజెంట్ గోరింకకు కబురొచ్చింది.

గోరింక అంటే పిట్టంత మనిషి అనుకునేరు. ఆరడుగుల ఎత్తు, నలభై దాటిన వయసు, ఎడమ భుజంలో ఒకటి, తొడలో ఒకటి పాత తూటాల మచ్చలు. ఉద్యోగంలో చేరిన రోజు కోడ్‌నేమ్ చెప్పమంటే నోటికి ఆ ఒక్క మాటే వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు.

“కూర్చో” అన్నాడు చీఫ్, దగ్గుబిళ్ల బుగ్గన పెట్టుకుని. ఆయనకు దగ్గు లేదు. మాట్లాడాల్సిన మాట చేదుగా ఉన్నప్పుడు బిళ్ల చప్పరించడం ఆయనకు అలవాటు.

“సర్జన్ సంగతేంటి సర్?”

“అమాయకుడు. ఆ రోజు నుంచి కత్తి ముట్టుకోవడం లేదు. స్క్రీన్ మీద కణితి ఎటు కనిపిస్తే అటు తెరిచాడు. బొమ్మే తిరగబడింది. స్కానింగ్ గది నుంచి ఆపరేషన్ థియేటర్‌కు వచ్చే దారిలో ఎవరో కుడిని ఎడమ చేశారు, ఎడమని కుడి చేశారు. డార్క్‌రూమ్ పని.”

డార్క్‌రూమ్ అంటే డిపార్ట్‌మెంట్‌కు ఏళ్ల తరబడి నిద్రపట్టనివ్వని విదేశీ ముఠా. బాంబులు, తుపాకులు వాళ్లకు మోటు. మనిషి తనంతట తనే పోయినట్టు కనిపించాలి. అదీ వాళ్ల పనితనం.

“ఆ ఆస్పత్రిలో బొమ్మల్ని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ పేరు ‘తేట’. అది ఎవరు రాశారో నీకు చెప్పాలా?”

“అక్కర్లేదు సర్” అన్నాడు గోరింక. 

తేట వెనక ముప్పై ఏళ్ల బతుకు ఉంది. మసకగా వచ్చిన ఎంఆర్ఐ బొమ్మలోంచి మసకను తీసేసి, అడుగునున్న నిజాన్ని పైకి తేవడం ఎలా అన్నది ప్రొఫెసర్‌గారు పట్టుకున్న ఒకే ఒక్క ప్రశ్న. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు, డీన్ పదవి ఇస్తామంటే ‘మెషీన్ టైమ్ ఇవ్వండి చాలు’ అన్నారు. మొదటి పేపర్ని జర్నల్స్ నాలుగుసార్లు తిప్పికొట్టాయి. రోగుల మీద ప్రయోగాలకు అనుమతి రాని రోజుల్లో దానిమ్మకాయని మెషీన్‌లో పెట్టి, కోయకుండా గింజలు లెక్కపెట్టారు. తర్వాత కోసి, ల్యాబంతా కూర్చుని ఒక్కొక్క గింజా లెక్కపెట్టింది. ఒక్కటే తేడా వచ్చింది. ఆ ఒక్కటీ లెక్కపెడుతూ తానే నోట్లో వేసుకున్నానని గోరింక ఒప్పుకునేదాకా ఆవిడ ఇంటికి వెళ్లలేదు. అప్పుడతను ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఆఖరి చాప్టరు మిగిలుండగా, బొమ్మలు చదవగల కళ్లు కావాలని డిపార్ట్‌మెంట్ వచ్చి అడిగితే, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

“రేపు ఉదయం ఇంకో ఆపరేషన్ ఉంది” అన్నాడు చీఫ్. “సైఫర్ సెక్షన్ హెడ్. మిగతా సగం తాళాలు ఆయన బుర్రలోనే ఉన్నాయి. అందులోనే కణితి.”

ఆ హెడ్ ప్రొఫెసర్‌గారికి స్వయానా తమ్ముడు. వారానికోసారి ల్యాబ్‌కు వచ్చి, అక్క శిష్యులకు చిక్కుప్రశ్నలు వేసి, జవాబు చెప్పినవాడికి తన పెన్ను ఇచ్చేసి పోయేవాడు. మేడమ్ అమ్మలాంటిదైతే ఆవిడ తమ్ముడు ఏమవుతాడు? అందరూ ఆయన్ని మావయ్య అనే పిలిచేవారు.

“వాయిదా వేయిద్దాం సర్.”

“వేసుకోమని కణితికి చెప్పి చూడు. పోనీ తేట లేకుండా చేద్దామా అంటే, అది లేకపోతే ఆ కణితి కనపడదట. అంత చిన్నది, అంత లోతు. అప్పుడప్పుడు మూర్ఛ తప్ప వేరే లక్షణం కూడా లేదు, ఏ పక్కో తెలియడానికి. అందుకని నువ్వెళ్లు. చేస్తున్నది ప్రొఫెసరేమో చూడు.”

“సొంత తమ్ముణ్ణా?”

“మెడ మీద కత్తి పెడితే అక్కాతమ్ముళ్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది?”

“ఆవిడ మెడ మీద కత్తి పెడితే, ఆ ఇనుముతో స్కానింగ్ గదిలోకి రావద్దని ముందు పెట్టినవాణ్ణి తిడుతుంది సర్.”

చీఫ్ నవ్వలేదు. “అక్కడ మన మనిషి ఒకరున్నారు. డార్క్‌రూమ్ వాళ్లు తమ మనిషి అనుకుంటున్నారు. నిజానికి మన డబుల్ ఏజెంట్. కోడ్ వర్డ్ గుర్తుపెట్టుకో. నువ్వు ‘ఇక్కడ టీ దొరుకుతుందా’ అనాలి. ‘చల్లారిపోయింది’ అని జవాబు వస్తుంది.”

గాడ్జెట్ల సెక్షన్ ఇన్‌ఛార్జి అతనికి పెన్ కెమెరా, ట్రాన్స్‌మిటర్ ఉన్న బెల్టు బకిల్, గడియారంలో దాచిన ఉక్కుతీగ, ఒక నెరిసిన మీసం ఇచ్చాడు. వాటిలో స్కానింగ్ మెషీన్ అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లగలిగింది మీసం ఒక్కటేనని గోరింక అతని మనసు కష్టపెట్టడం ఇష్టం లేక చెప్పలేదు.

* * *

కంపెనీ సర్వీస్ ఇంజనీర్ యూనిఫాంలో, టూల్‌బాక్స్ పట్టుకుని అతను ల్యాబ్‌లో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నమైంది. మావయ్య చేరిన ఆస్పత్రిదే ఆ బేస్‌మెంట్ కారిడార్, తలుపు మీద అదే ఎర్రబోర్డు, గోడ అవతల మెషీన్‌ను చల్లబరిచే పంపు టుక్కు టుక్కుమంటోంది.  కన్సోల్ ముందు ప్రొఫెసర్‌గారు వీపు చూపించి కూర్చున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

అతను తలుపు దగ్గరి ట్రేలో వాచీ, బెల్టు, పెన్ను పెట్టాడు. పిస్తోలు టూల్‌బాక్స్‌లో ఉంచి, మూత వేసి బయటే వదిలాడు.

“మీసం బాగుందిరా” అన్నారావిడ, గాజుతలుపులో అతని నీడ చూస్తూ. “ఎవరిది?”

గోరింక నిలువునా నీరైపోయాడు. “ఎలా గుర్తుపట్టారు మేడమ్?”

“ముందు కుడి జేబు తడుముకున్నావు, తర్వాత ఎడమ జేబు, ఆఖర్న కాలరు. ఆ వరస నేను నేర్పిందే. ఇంకెవరూ అలా చెయ్యరు.” ఆవిడ కుర్చీ తిప్పి అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. ఒళ్లో పెట్టుకున్న చేతులు సన్నగా వణుకుతున్నాయి. “ఆఖరి చాప్టరు ఏదిరా?”

 శత్రువుల చేతికి చిక్కి మూడు దేశాల జైళ్లలో నోరు విప్పని మనిషి, ఆ ఒక్క ప్రశ్నకు ఏడుపొస్తుందని గాజుతలుపు వైపు తిరిగాడు.

“సర్లే. ఏదో సర్కారు పని మీద వచ్చుంటావు. అడగను. మా తమ్ముడి బొమ్మలు చూస్తావా?”

కన్సోల్ పక్కన సీసా అక్కడే ఉంది. బంగారు రంగు మెత్తటి విటమిన్ మాత్రల సీసా. తల స్కాన్ చేసే ప్రతి మనిషి కుడి కణత మీదా ఆ మాత్ర ఒకటి టేపుతో అంటించాలి. అది మేడమ్ శాసనం. మాత్రలోని నూనె బొమ్మలో తెల్లటి చుక్కలా మెరుస్తుంది. చుక్క ఉన్న పక్క కుడి. మెషీన్ తనంతట తనే బొమ్మ పక్కన కుడికి ‘ఆర్’ అని, ఎడమకి ‘ఎల్’ అని అక్షరాలు వేస్తుంది కదా, ఈ మాత్ర గొడవ ఎందుకని ప్రపంచంలో మిగతా ల్యాబులన్నీ నవ్వేవి. ‘అక్షరాలు మెషీన్ అనుకునే మాట. మాత్ర మనిషి చెప్పే మాట’ అనేవారావిడ. వేరే ఆస్పత్రిలో స్కాన్ చేయించుకున్న ఆ డిప్యూటీ కణతకి ఎవరూ మాత్ర అంటించలేదు.

స్క్రీన్ మీద మావయ్య తల విచ్చుకుంది. తెల్లచుక్క ‘ఆర్’ పక్కనే ఉంది. లోపల కణితి, ఆవగింజకు కాస్త పెద్దది, అదీ ‘ఆర్’ పక్కనే ఉంది. బొమ్మ సరిగ్గా ఉంది.

“నేను చెయ్యలేకపోయానురా. వాడి తల మీద చెయ్యి వేస్తే చెయ్యి నిలవలేదు. పొద్దున ఈ స్కాన్ నీ పక్క సీటు పిల్లే చేసింది” అన్నారు ప్రొఫెసర్‌గారు. “అదిగో, వస్తోంది.”

ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత మడమల చప్పుడు, తర్వాత ఆమె. నీలం పట్టుచీర, కత్తిరించిన జుట్టు, ప్రపంచంలో ఏ కాన్ఫరెన్స్‌కు వెళ్లినా సగం హాలు స్లైడ్లు మానేసి చూసే మొహం. ఇప్పుడు ల్యాబ్‌కు కో-డైరెక్టర్. ఒకప్పుడు గోరింక పక్క సీట్లో కూర్చుని అతని టిఫిన్ డబ్బా ఖాళీ చేసిన తోటి స్టూడెంట్. మావయ్య వాళ్లిద్దరికీ పేర్లు పెట్టాడు. ఆమె చిలక, అతను గోరింక. అతను వెళ్లిపోయాక ఆ జంట పేర్లలో సగం ఆయన ల్యాబ్‌లో ఎత్తడం మానేశాడు.

మేడమ్ ఏదో ఫోను వస్తే పక్కగదిలోకి వెళ్లారు. ఇద్దరే మిగిలారు. చెప్పాల్సినవి పదిహేనేళ్లకు సరిపడా ఉన్నాయి. గోరింక తడబడి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, “ఇక్కడ టీ దొరుకుతుందా?” అన్నాడు.

ఆమె పక్కగది తలుపు వంక చూసింది.

“చల్లారిపోయింది” అంది.

అతను కుర్చీ పట్టుకున్నాడు. “నువ్వా?”

“నేనే. ఇంత ఆశ్చర్యం ఎందుకు? మాయమవడం నీ ఒక్కడికే వచ్చా?” గొంతు తగ్గించింది. “బొమ్మ తిప్పమని డార్క్‌రూమ్ నుంచి ఆర్డర్ వచ్చింది. తిప్పుతున్నట్టు దొంగ కోడ్ పెట్టాను, అది పని చెయ్యదు. రేపు నువ్వు థియేటర్‌లో ఉండు. నేనిక్కడ సర్వర్ దగ్గర కూర్చుంటాను. మావయ్యకి ఏమీ కాదు.”

“చిలకా...”

“మీసం నీకు నప్పలేదు” అంది ఆమె. వెళ్లిపోయింది.

వార్డులో మావయ్య అతని మీసం పీకి చూసి, “ఒరే, నువ్వు చచ్చిపోయావనుకున్నాంరా!” అని పకపకా నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు. ఆ పూట గోరింక డిపార్ట్‌మెంట్‌కు మెసేజ్ పంపాడు: ప్రొఫెసర్ నిర్దోషి. అంతా అదుపులో ఉంది. పదిహేనేళ్లలో మొదటిసారి అతనికి ఆశ లాంటిది పుట్టింది. పని అయ్యాక ఆమెతో నిజంగానే టీ తాగాలనుకున్నాడు.

* * *

ఉదయం థియేటర్‌లో అతను స్క్రీన్ సర్వీస్ చేసే ఇంజనీర్. పచ్చగౌను, మాస్కు, టోపీ. మావయ్య మత్తులో ఉన్నాడు. స్క్రీన్ ఇంకా వెలగలేదు. సర్జన్ పొట్టి మనిషి, స్టూలెక్కి నిలబడి పాట కూనిరాగం తీస్తున్నాడు.

“బొమ్మ వెయ్యండి” అన్నాడు సర్జన్.

స్క్రీన్ వెలిగింది. తేట ఎప్పట్లాగే బొమ్మని అద్భుతంగా శుభ్రం చేసి చూపించింది. మసక లేదు. ఆవగింజంత కణితి ఎంత స్పష్టంగా ఉందో, అది ‘ఎల్’ పక్కన ఉన్న సంగతీ అంతే స్పష్టంగా ఉంది.

“ఎడమ. సరే” అన్నాడు సర్జన్. తల కుడికి తిప్పారు. ఎడమ పక్క పైకి వచ్చేలా పచ్చగుడ్డ కప్పారు. నర్సు కత్తి అందించింది.

గోరింక కళ్లు కణితి మీద లేవు. మూలనున్న తెల్లచుక్క మీద ఉన్నాయి. నిన్న ‘ఆర్’ పక్కన చూసిన చుక్క, ఇవాళ ‘ఎల్’ పక్కన మెరుస్తోంది. ఆ చుక్క నిన్న ఎటుందో తెలిసినవాళ్లు ఆస్పత్రి మొత్తంలో ముగ్గురే. ఒకరు వణికే చేతులతో బయట బెంచీ మీద కూర్చున్నారు. ఒకరు సర్వర్ దగ్గర ఉన్నారు.

“ఆపండి!”

సర్జన్ కత్తి గాల్లోనే ఆగింది. “ఎవరయ్యా నువ్వు?”

“బొమ్మ తిరగబడింది డాక్టర్. ఆ తెల్లచుక్క కుడి కణత మీద అంటించిన మాత్ర. అది ఎడమన కనిపిస్తోందంటే, మీరు ఎడమ అనుకుంటున్నది కుడి.”

“స్క్రీన్ బాగుచేసేవాడివి నాకు కుడిఎడమలు చెప్తావా? ఆ చుక్క ఏదో మెషీన్ మచ్చ. మాత్రే అనుకుందాం, స్కాన్ చేసినవాళ్లు పొరపాటున ఎడమన అంటించి ఉండొచ్చుగా? సెక్యూరిటీ!”

ఇద్దరు వార్డుబాయ్‌లు అతని రెక్కలు పట్టుకున్నారు. కత్తి మళ్లీ దిగుతోంది. గోరింకకు నేర్పిన విద్యలన్నీ ఆ క్షణంలో దండగ. అక్కడ ఎవర్నీ కొట్టకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు.

“టేపు మరక!” అని అరిచాడు. “గుడ్డ ఎత్తి కుడి కణత చూడండి! టేపు పీకితే జిగురు ఉంటుంది. లేకపోతే నన్ను జైల్లో పెట్టించండి!”

మత్తు డాక్టరమ్మ సర్జన్ వైపు చూసింది. సర్జన్ విసుగ్గా తలూపాడు. ఆమె కిందనున్న పక్క గుడ్డ కాస్త ఎత్తి, టార్చి వేసి వంగింది.

మావయ్య కుడి కణత మీద, నెరిసిన వెంట్రుకల అంచున, చిన్న చతురస్రంగా జిగురు మరక ఉంది. దానికి దూది పోగు ఒకటి అంటుకుని ఉంది.

సర్జన్ స్టూలు దిగాడు. కత్తి ట్రేలో పడేసి రెండు చేతులూ ఒంటికి దూరంగా పెట్టుకుని నిలబడిపోయాడు. “ఆ స్క్రీన్ కట్టెయ్యండి” అన్నాడు చివరికి, వేరే ఎవరిదో గొంతుతో. “స్కానింగ్ గది నుంచి ప్రింట్ తెప్పించండి.”

ప్రింటు కోసం వెళ్లక్కర్లేకపోయింది. ప్రొఫెసర్‌గారికి కంప్యూటర్లంటే ప్రాణం, నమ్మకం మాత్రం లేదు. నిన్న తీసిన ఫిల్ము ఒకటి సంచిలో పెట్టుకునే బెంచీ మీద కూర్చున్నారు.

* * *

గోరింక బేస్‌మెంట్‌కు మెట్లు దిగాడు. దొంగ కోడ్ పని చెయ్యదన్నది ఆమె. పని చేసింది. మిగతాది లెక్కపెట్టడానికి దానిమ్మ గింజలేం కాదు.

స్కానింగ్ గది తలుపు దగ్గర ట్రేలో ఆమె చెవిదుద్దులు, గాజులు, ఒక చిన్న పిస్తోలు ఉన్నాయి. అతను తన పిస్తోలు కూడా వాటి పక్కన పెట్టాడు. ఆ అయస్కాంతం ముందు అందరూ ఒకటే.

ఆమె స్కానర్ పడక మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉంది. “ఈ గదిలో బగ్గులు, దాచిన మైకులు పని చెయ్యవు” అంది. “అందుకే ఇక్కడ కూర్చున్నాను. మావయ్య?”

“కుడి పక్కే తెరిచారు. బాగానే ఉన్నాడు.”

ఆమె కళ్లు మూసుకుంది. గట్టిగా ఊపిరి వదిలింది. అది ఓడిపోయిన గూఢచారి ఊపిరిలా లేదు.

“ఎందుకు చేశావు?” అన్నాడు గోరింక. “డబ్బా?”

“డబ్బట!” నవ్వింది. “నువ్వు మాయమయ్యాక నీకోసం మార్చురీలు కూడా తిరిగాను. పోలీసులు తెలీదన్నారు. మీ డిపార్ట్‌మెంట్ అలాంటి మనిషే లేడంది. అప్పుడొక కాన్ఫరెన్స్‌లో ఒకాయన కలిశాడు, మర్యాదస్తుడు. నువ్వెక్కడున్నావో చెప్తానన్నాడు. బదులుగా చిన్న సాయం అడిగాడు, ఒక పాస్‌వర్డ్. నువ్వు బతికే ఉన్నావని ఒక ఫోటో ఇచ్చాడు. తర్వాత ఇంకో సాయం. ఇంకో ఫోటో. ఊబిలో మొదటి అడుగే మనది, తర్వాతవి ఊబివి. మీ చీఫ్ దగ్గర డబుల్ ఏజెంటుగా చేరమన్నదీ వాళ్లే. డిప్యూటీ చనిపోయేదాకా వాళ్లు నా కోడ్‌తో ఏం చేస్తున్నారో నాకు తెలియదు. తెలిశాక ఇంక వెనక్కి రావడానికి దారి లేదు. మావయ్యది చెయ్యకపోతే మేడమ్‌ని చంపుతామన్నారు.”

గోరింక గోడకి ఆనుకున్నాడు. తన మీద తనకు అసహ్యం వేసింది. ‘క్షేమంగా ఉన్నాను’ అని ఒక్క ముక్క. రూల్స్ ఒప్పుకోవని రాయలేదు. ఒక్క ముక్క రాసి ఉంటే ఈమె ఇక్కడ ఇలా కూర్చుని ఉండేది కాదు.

“ఒకటి చెప్పు” అన్నాడు. “మాత్ర అంటించకపోతే నాకు తెలిసేది కాదు. ఎవ్వరికీ తెలిసేది కాదు. ఎందుకు అంటించావు?”

ఆమె తన చేతుల వంక చూసుకుంది. “చెయ్యి అంటించేసింది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, దానికి నేనేం చేస్తున్నానో తెలీదు పాపం. తర్వాత చూసుకున్నాను. తీసెయ్యబోయాను. మావయ్య నవ్వాడు. ‘మీ మేడమ్ మాత్రల పిచ్చి ఇంకా పోలేదా చిలకా’ అన్నాడు.” ఆమె చేతులు ఒళ్లోకి లాక్కుంది. “తియ్యలేకపోయాను.”

పంపు టుక్కు టుక్కుమంటోంది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అరెస్టు చేయడానికో, మరెందుకో అతనికే తెలియదు.

“మేడమ్‌కి నువ్వు చెప్పకు” అంది. “నేనే చెప్తాను. నా నోటితో విననీ.”

అప్పుడు తల మీది స్పీకరు గరగరలాడింది.

ఆ గదిలో బగ్గులు పని చెయ్యవన్నది నిజమే. కానీ లోపల పడుకున్న రోగి భయపడితే బయటికి వినపడాలని, స్కానర్ లోపల ఒక మైకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆ గదిలోనే పెరిగిన ఇద్దరూ ఆ సంగతి మర్చిపోయారు. వాళ్లెప్పుడూ గాజు అవతల కూర్చుని వినేవాళ్లే తప్ప, ఇవతల పడుకున్నవాళ్లు కారు.

గాజు అవతల ప్రొఫెసర్‌గారు కన్సోల్ ముందు కూర్చుని ఉన్నారు. ఎంతసేపట్నుంచో తెలియదు. మొహం మీద నీళ్లు తుడుచుకోలేదు. వేల మంది రోగులకు చెప్పిన గొంతుతోనే, చెప్పిన మాటలే చెప్పారు.

“అయిపోయిందమ్మా. భయం లేదు. మెల్లగా లేచి బయటికి రండి.”

* * *

తర్వాతి సంగతులు చీఫ్ రెండు దగ్గుబిళ్లలతో చెప్పాడు. చిలక పట్టుబడినట్టు డార్క్‌రూమ్‌కు తెలియకూడదు. ఆమె ఒక తాళం వేసిన ఇంట్లో ఉండి వాళ్లకు డిపార్ట్‌మెంట్ చెప్పిన అబద్ధాలు పంపుతూ ఉంటుంది. అలా ముఠా మొత్తాన్ని ఒక్కొక్కణ్ణే ఏరివేయవచ్చు. కాబట్టి కుట్ర ఉన్నట్టు బయటికి పొక్కకూడదు. కాబట్టి రెండు ఆపరేషన్లలోనూ జరిగింది సాఫ్ట్‌వేర్ లోపం. కాబట్టి లోపం దాన్ని తయారుచేసినావిడది.

“ముప్పై ఏళ్లు సర్!” అన్నాడు గోరింక. “ఆవిడ ముప్పై ఏళ్లలో ఎవరికీ కుడిని ఎడమ అని చెప్పలేదు.”

“తెలుసు. అందుకే ఆవిడ్ని అడిగాను. ఒప్పుకుంది.”

ఆవిడ అడిగింది ఒక్కటేనట. ‘తేటని ఆస్పత్రుల నుంచి తీసేస్తే, అంత చిన్న కణితులు ఎవరికి కనపడతాయి?’ అయినా తేట తీసేశారు. ఆ ఏటి అంతర్జాతీయ సభలో ప్రొఫెసర్ ఇవ్వాల్సిన ప్రసంగం రద్దయింది. ఆవిడ పేపర్లని జర్నల్స్ మర్యాదగా వెనక్కి తీసుకున్నాయి. మొదటి పేపర్ని నాలుగుసార్లు తిప్పికొట్టిన జర్నల్ అయితే ఈసారి ఒక్కరోజులో పని పూర్తి చేసింది.

ఆవిడ ఖాళీ చేసిన ఆఫీసు గదిలోంచి అట్టపెట్టె గోరింకే మోసుకొచ్చాడు. కారిడార్‌లో ఎదురైన స్టూడెంట్లు గోడల వంక చూశారు. మాత్రల సీసా ఆవిడ చేతిలోనే ఉంది.

“దానికి మాత్ర అంటించడం నేనే నేర్పానురా” అన్నారు కారెక్కుతూ. “అది మాత్రం తప్పలేదు చూశావా?”

“లేదు మేడమ్.”

“మిగతావి ఎక్కడ నేర్పలేకపోయానో...” అని ఆగి, సీసా అతని చేతిలో పెట్టి తలుపు వేసుకున్నారు.

ఆస్పత్రిలో మావయ్య తలకు కట్టుతో లేచి కూర్చుని చిక్కుప్రశ్నలు కడుతున్నాడు. దేశం తాళాలన్నీ ఆయన బుర్రలో భద్రంగా ఉన్నాయి. “చిలక ఏదిరా? చూడ్డానికే రాలేదు” అన్నాడు.

“విదేశాలకి వెళ్లింది మావయ్యా. ఏదో ఫెలోషిప్.”

“చెప్పకుండానా? నీ బుద్ధులన్నీ వచ్చాయి దానికి.” తల కట్టు సవరించుకుని, “ఆ రోజు మాత్ర అంటిస్తుంటే దాని చెయ్యి వణికిందిరా. వాళ్ల మేడమ్ జబ్బు దానికీ వచ్చిందేమో. ఒకసారి డాక్టర్‌కి చూపించుకోమని చెప్పు” అన్నాడు.

“చెప్తాను” అన్నాడు గోరింక. 

ఆపరేషన్ విజయవంతం అని చీఫ్ ఫైలు మీద రాశాడు. రూల్ ప్రకారం ఏజెంటు మెడికల్ రిపోర్టు జత చేయాలి. ఛాతీ ఎక్స్‌రే ఫిల్ముని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“దెబ్బలేమీ తగల్లేదుగా?”

“ఒకటి తగిలింది సర్.”

“ఇందులో కనపడటం లేదే.”

“కనపడదు సర్. అది కనపడే మెషీన్ ఇంకా రాలేదు” అన్నాడు గోరింక. “కనిపెట్టగలిగినావిడని మనమే ఇంటికి పంపేశాం.”